విత్తనం దగ్గర ఆగిన అడవి

కేరళలోని నిలంబూరులో చాలియార్ ఒడ్డున ఒక టేకు తోట ఉంది. 1840లలో మలబారు కలెక్టరుగా ఉన్న కొనోలీ వేయించాడు. ఓడల కోసం పశ్చిమ కనుమల టేకును నరుక్కుంటూ పోతే కొన్నాళ్ళకు కర్ర దొరకదని కంపెనీ పాలకులకు అప్పటికే తెలిసొచ్చింది. నాటుదామంటే మొక్క ఏదీ? టేకు కాయ పెంకు రాయిలాంటిది. మట్టిలో వేస్తే నెలల తరబడి కదలదు. కొనోలీ మనుషులు రకరకాలుగా ప్రయత్నించి విసిగిపోయారు. చివరికి చాత్తు మేనన్ అనే స్థానిక అటవీ ఉద్యోగి చేతిలో ఆ గింజ మొలిచింది. ప్రపంచంలోకెల్లా పాత టేకు తోటగా నిలంబూరుకు వచ్చిన పేరు ఆయన చలవే.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు బ్రెజిల్లో రియో డి జనీరో పక్కనున్న తిజూకా కొండల మీద మరో నాటకం మొదలైంది. కాఫీ తోటల కోసం కొండల్ని బోడి చేస్తే నగరానికి నీళ్ళిచ్చే వాగులు ఎండిపోయాయి. చక్రవర్తి రెండో పెద్రో 1861లో అడవిని తిరిగి పెంచమని ఆజ్ఞాపించాడు. మేజర్ ఆర్చర్ పర్యవేక్షణలో, బానిసలుగా ఉన్న కొద్దిమంది చేతుల మీదుగా, పదమూడేళ్ళలో వేలాది మొక్కలు నేలలో పడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం ఆ చుట్టుపక్కల అడవుల జాతులే. ఇవాళ రియో నడిబొడ్డున కనిపించే దట్టమైన అడవికి మొదలు అదే.

మొదటిది కలప కోసం వేసిన ఒకే జాతి తోట. రెండోది నీళ్ళ కోసం పెంచిన కలగలుపు తోట. రెండింటిలోనూ ప్రధానంగా ఆ నేల చెట్లే. తర్వాతి నూరేళ్ళలో ఉష్ణమండల దేశాలు దాదాపుగా మొదటి దారే పట్టాయి. అందులోనూ సొంత జాతుల్ని పక్కన పెట్టి, త్వరగా పెరిగే బయటి జాతుల వెంట పడ్డాయి. సొంత జాతుల తోటల మీద గట్టి పరిశోధన మొదలైంది 1980లలో. ఈ నలభై ఏళ్ళలో ఏం తేలింది, ఏం తేలలేదు అని ఒకచోట పెట్టి చూద్దామనే ఈ ప్రయత్నం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్థానిక చెట్లు తోటల్లో పెరుగుతాయా అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడో దొరికింది: పెరుగుతాయి. పని ఆగిపోయింది విత్తనం దగ్గర, నర్సరీ దగ్గర, నాటిన మూడేళ్ళ తర్వాత ఎవరూ తొంగిచూడని చోట. చాత్తు మేనన్ ఒక్క టేకుతో పడ్డ తిప్పలు మనం ఇప్పుడు వందల జాతులతో పడాలి.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత అటవీ శాఖల విషయంలో అక్షరాలా జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2020 అంచనా ప్రకారం ప్రపంచంలో మనిషి నాటిన అడవులు 29.4 కోట్ల హెక్టార్లు. అందులో కలప కోసం వరసల్లో పెంచే తోటలు 13.1 కోట్ల హెక్టార్లు. ఈ తోటల్లో 44 శాతం బయటినుంచి తెచ్చిన జాతులవే. దక్షిణ అమెరికాలోనైతే దాదాపు అన్నీ అవే: యూకలిప్టస్, పైన్, టేకు.

మన దేశంలో యూకలిప్టస్ కథ పాతదే. 18వ శతాబ్దం చివర టిప్పు సుల్తాన్ కాలంలో మైసూరు రాజ్యపు నంది కొండ మీద మొదట నాటారంటారు. 1843లో నీలగిరులకు చేరింది. అసలు వ్యాప్తి మాత్రం 1960ల తర్వాత, పేపరు మిల్లుల ఆకలి పెరిగాకే. 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ మనిషి నాటే ఉత్పాదక అడవుల వైపు మొగ్గింది. ఆ ఊపులో చాలాచోట్ల సహజమైన అడవిని కొట్టేసి మరీ యూకలిప్టస్ వేశారు. 1983లో కర్ణాటకలోని తుమకూరు ప్రాంతపు రైతులు నర్సరీలోకి వెళ్ళి యూకలిప్టస్ మొక్కలు పీకేసి, ఆ మళ్ళలో చింత, మామిడి గింజలు నాటారు. 1988 జాతీయ అటవీ విధానం, పరిశ్రమలు తమ కర్రను అడవి నుంచి కాక రైతుల దగ్గర కొనుక్కోవాలని చెప్పింది. దాంతో తోట అడవిలోంచి పొలంలోకి వచ్చింది. భద్రాచలం దగ్గర సారపాక పేపరు మిల్లు పరిశోధకులు ఎంపిక చేసి పెంచిన క్లోన్లు ఖమ్మం, గోదావరి జిల్లాల మెట్ట పొలాలన్నీ చుట్టేశాయి. అక్కడి రైతు దాన్ని యూకలిప్టస్ అనడు, జామాయిల్ అంటాడు.

జామాయిల్ వేసిన రైతును నేను తప్పు పట్టను. నాలుగేళ్ళకు కోత. నరికితే మోడు నుంచి మళ్ళీ పిలకలు. కూలీల బెడద లేదు, కోతుల భయం లేదు, కొనేవాడు లారీతో పొలం దగ్గరికే వస్తాడు. అదే పొలంలో ఏగిసో జిట్రేగో వేస్తే మనవడి కాలానికి గాని డబ్బు కళ్ళచూడడు. నరకడానికి అనుమతి కాగితాలు వేరే. ఈ లెక్క మారనంతకాలం స్వదేశీ చెట్టు గొప్పదని ఎన్ని సభల్లో చెప్పినా రైతుకు చెవికెక్కదు.

యూకలిప్టస్ మీద ప్రధానమైన నేరారోపణ నీళ్ళు తాగేస్తుందని. దీనిమీద 1990ల మొదట్లో కాల్డర్, ఆయన సహచరులు కర్ణాటకలో చేసిన కొలతలు ఇప్పటికీ చదవదగ్గవి. నేల లోతు తక్కువగా ఉన్న చోట యూకలిప్టస్ తోట తాగిన నీరు, పక్కనే ఉన్న ఆకురాల్చే సహజమైన అడవి తాగిన నీటికంటే ఎక్కువేం కాదని తేలింది. రాగి చేనుతో పోలిస్తే మాత్రం దాదాపు రెట్టింపు. లోతైన నేలల్లో కథ మారింది. వేళ్ళు ఏటికేడు కిందికి దిగుతూ, ఆ ఏడు కురిసిన వానకన్నా ఎక్కువ నీటిని, అంటే పాత నిల్వను కూడా పీల్చుకున్నాయి. ఏ నేలలో, దేని స్థానంలో వేశారు అన్నదాన్ని బట్టి ఒకే చెట్టుకు రెండు తీర్పులు వచ్చాయన్నమాట. ఈ తేడా మన చర్చల్లో ఎక్కడా వినిపించదు. బీడులో వేసినా, అడవి కొట్టి వేసినా, వేరుశనగ చేలో వేసినా ఒకే గాటన కట్టి పొగుడుతాం, లేకపోతే తిడతాం.

పరదేశి అన్న మాట కూడా జాగ్రత్తగా వాడాలి. కోస్టారికాలో స్థానిక చెట్ల కోసం పోరాడేవాళ్ళకు ఎదురు నిలిచిన బయటి జాతులు మన టేకు, మన గుమ్మడిటేకు. తిజూకా అడవిలో ఇవాళ స్థానిక మొక్కల్ని తొక్కేస్తూ పెరిగి అటవీ సిబ్బందికి తలనొప్పిగా మారింది మన పనస.

ఆ మాటకొస్తే స్వదేశీ అన్నంత మాత్రాన గండం గడవదు. రబ్బరు చెట్టు పుట్టిల్లు అమెజాన్. హెన్రీ ఫోర్డ్ 1928లో తపజోస్ నది ఒడ్డున ఫోర్డ్‌లాండియా పేరుతో ఊరే కట్టించి రబ్బరు తోటలు వేశాడు. అడవిలో ఎకరానికి ఒకటీ అరా విడివిడిగా బతికే చెట్టును వరసల్లో దగ్గరదగ్గరగా నిలబెట్టేసరికి, ఆ నేలలోనే పుట్టిన ఆకుతెగులు తోటల్ని తినేసింది. అదే రబ్బరు తన తెగులుకు దూరంగా మలయాలో, కేరళలో కళకళలాడింది. మహాగనీ కుటుంబం చెట్ల చివుళ్ళను తొలిచే పురుగు కూడా ఇంతే. మహాగనీని సొంత గడ్డ మీద ఒకే జాతి తోటగా పెంచాలన్న ప్రయత్నాలు లాటిన్ అమెరికాలో దానివల్లే పదేపదే దెబ్బతిన్నాయి.

మన టేకుకూ ఈ బాధ తప్పలేదు. కేరళ అటవీ పరిశోధన సంస్థ 1980లలో నిలంబూరు తోటల్లో లెక్క కట్టింది. ఏటా తొలకరికి గుంపులుగా వచ్చిపడే ఆకుపురుగు వల్ల చెట్టు పెరగాల్సిన కలపలో 44 శాతం పెరగకుండా పోతోందని తేల్చింది. నేల సంగతి మరొకటి. టేకు వెడల్పాటి ఆకు మీద పడ్డ వాన చినుకులు కలిసి పెద్ద బొట్లయి రాలతాయి. తోట కింద పొదలు, గడ్డి లేకపోతే ఆ బొట్లు మన్నును కోసేస్తాయి. కేవలం టేకే వేస్తే నేల ఏమవుతుందన్న ఆందోళన మన అటవీ శాస్త్రంలో స్వాతంత్ర్యానికి ముందే ఉంది. 1942లో లారీ, గ్రిఫిత్ దీనిమీదే ఒక పెద్ద నివేదిక రాశారు. అయినా అడవిని కొట్టి టేకు వేయడం ఆగలేదు.

ఇక పరిశోధన తెచ్చిన మంచి వార్త. 1980ల మధ్యలో కోస్టారికా కరీబియన్ తీర మైదానాల్లోని లా సెల్వా కేంద్రంలో, పశువులు మేసి వదిలేసిన బీళ్ళలో పదుల కొద్దీ స్థానిక జాతులు నాటి చూశారు. వడ్రంగులకు తెలిసినా నర్సరీ మొహం చూడని చెట్లవి. వాటిలో వోకీసియా లాంటివి మూడేళ్ళకే కొమ్మలు కలిపి కింద నీడ పరిచాయి. 1990ల మొదట్లో ఫ్లోరెన్సియా మోంటన్యీని అక్కడే నాలుగేసి జాతుల కలగలుపు మళ్ళు వేసి, ఒకే జాతి మళ్ళతో పోల్చి చూశారు. చాలా జాతులు కలగలుపులోనే బాగా పెరిగాయి. అంతకన్నా విలువైన సంగతి చెట్ల కింద దొరికింది. నాటిన చెట్ల కొమ్మల మీద వాలిన పక్షులు, గబ్బిలాలు తెచ్చి రాల్చిన గింజల నుంచి, ఎవరూ నాటని అడవి మొక్కలు లేచాయి. పక్కన ఖాళీగా వదిలిన బీడులో గడ్డి తప్ప పెద్దగా ఏమీ రాలేదు.

పనామా కాలువ పరీవాహకంలో 2008లో మొదలైన ఆగ్వా సలూద్ ప్రాజెక్టు ఇంకో అడుగు వేసింది. అక్కడి నేల ఎర్రటి, ఆమ్ల గుణం గల నిస్సార బంకమన్ను. టేకు వేస్తే లాభమని చెప్పిన చోట టేకే నీరసించింది. మన మద్దికి దాయాది అయిన టెర్మినాలియా అమెజోనియా, మన జిట్రేగికి దాయాది అయిన కోకోబోలో నిలదొక్కుకున్నాయి. స్థానిక చెట్టు నెమ్మదిగా పెరుగుతుందన్న మాట సారవంతమైన నేలలో కొంత నిజం. చేవ చచ్చిన నేలలో ఆ మాట తిరగబడుతుంది. మన దేశంలో తోటలకు ఇచ్చేది దాదాపు ఎప్పుడూ చేవ చచ్చిన నేలే కాబట్టి ఈ ఫలితం మనకు ముఖ్యం.

కలగలుపు మేలా అన్న ప్రశ్నకు ఇప్పటిదాకా జరిగిన పెద్ద ప్రయోగాల్లో ఒకటి ఉపోష్ణ మండలంలో, దక్షిణ చైనాలోని జియాంగ్షీ రాష్ట్రపు కొండల మీద ఉంది. 2009, 2010లలో లక్షన్నరకు పైగా చెట్లను ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగు జాతుల మళ్ళుగా నాటారు. ఎనిమిదేళ్ళకు, 2018లో, సైన్స్ పత్రికలో ఫలితం వచ్చింది. సగటు ఒకే జాతి మడిలో హెక్టారుకు 12 టన్నుల కర్బనం చేరితే, పదహారు జాతుల మడిలో 32 టన్నులు. వార్తాపత్రికలు ఇంతవరకే రాశాయి. అదే వ్యాసంలో ఇంకో వాక్యం ఉంది. ఆ ప్రాంతంలో వాణిజ్యంగా పెంచే రెండు జాతుల తోటలూ ఇంచుమించు పదహారు జాతుల మడితో సమానంగా కర్బనం పోగేశాయి. అంటే, మంచి జాతిని ఎంచి ఒంటరిగా పెంచినా ఎనిమిదేళ్ళలో వెనకబడదు. కలగలుపును సమర్థించేవాళ్ళు ఈ వాక్యాన్ని దాచకూడదు. కలగలుపు బలం వేరే చోట ఉంది: ఏ జాతి గెలుస్తుందో ముందు తెలియనప్పుడు, పురుగొచ్చినప్పుడు, కరువొచ్చినప్పుడు, రెండో మూడో విడత నాటినప్పుడు. దక్షిణ చైనాలోనే చైనా ఫర్ తోటలు విడత విడతకూ దిగుబడి తగ్గడం ఎప్పటినుంచో నమోదవుతోంది.

2022లో 53 దేశాల అధ్యయనాలను కలిపి చూసిన మరో పరిశీలన ఈ తగువును కొంత తీర్చింది. కర్బనం, నేల కోత నివారణ, నీరు, జీవవైవిధ్యం అన్నింట్లోనూ స్థానిక అడవే మెరుగు. కలప దిగుబడిలో మాత్రం తోటది పైచేయి. ఏది కావాలో తేల్చుకోకుండా ఒకే మొక్కతో రెండూ సాధిస్తామని చెప్పే పథకాలను నమ్మకూడదనే నేను అనుకుంటాను.

అడవి తిరిగి రావాలన్నదే లక్ష్యమైతే అన్ని జాతులూ మనమే నాటాలా? ఇక్కడ పరిశోధన చాలా ముందుకెళ్ళింది. ఆస్ట్రేలియాలోని ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో 1980లలో పుట్టిన పద్ధతి ఒకటి ఉంది. గడ్డిని నీడతో చంపగల, పక్షుల్ని పిలవగల, నిప్పుకు తట్టుకోగల ఇరవై ముప్పై జాతుల్నే ఎంచి నాటడం, మిగతా పని పక్షులకు వదిలేయడం. 1994 నుంచి థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయి విశ్వవిద్యాలయం ఈ పద్ధతిని అక్కడి కొండ అడవులకు మలచింది. స్టీఫెన్ ఎలియట్ బృందం చేసిన పనిలో నాకు నచ్చేది వాళ్ళు మొదట చేసిన పని: ఏ చెట్టు ఏ నెలలో కాస్తుంది, గింజ ఎన్నాళ్ళు బతుకుతుంది, ఎన్ని రోజులకు మొలుస్తుంది అని ఒక్కో జాతికీ పట్టికలు రాసుకున్నారు. నాటింది ఆ తర్వాతే, మోంగ్ గిరిజన గ్రామస్థులతో కలిసి. ఎనిమిది తొమ్మిదేళ్ళకు ఆ మళ్ళలో నాటని జాతులు డెబ్బైకి పైగా వచ్చి చేరాయి.

కోస్టారికాలోనే కోటో బ్రూస్ ప్రాంతంలో కరెన్ హోల్, రాకన్ జహావీ 2004 నుంచి చేస్తున్న ప్రయోగం ఖర్చును ఇంకా దించింది. పొలమంతా నాటకుండా అక్కడక్కడ చెట్ల దీవులు మాత్రం నాటారు. మామూలు తోటలో మడికి 313 మొక్కలు పడితే దీవుల పద్ధతిలో 86. దశాబ్దం దాటాక చూస్తే, అడవి కోలుకోవడంలో రెండూ దాదాపు సమానం. దగ్గర్లో అడవి మిగిలి ఉంటేనే ఇది సాగుతుంది, గింజ తెచ్చే పిట్ట ఉండాలి కదా. నల్లమల అంచు గ్రామాల్లో, పాపికొండల చుట్టూ, ఆదిలాబాద్ అడవుల పక్కన ఇది ప్రయత్నించదగ్గ పద్ధతి. కనుచూపు మేరలో చెట్టు లేని అనంతపురం గుట్టల మీద దీనితో ఫలితం ఆశించలేం.

మన పక్కనే తమిళనాడులోని వాల్పారై కొండల్లో, తేయాకు తోటల మధ్య చిక్కుకున్న వర్షారణ్యపు ముక్కల్లో ప్రకృతి సంరక్షణ పరిశోధకులు రెండు దశాబ్దాలుగా స్థానిక మొక్కలు నాటుతున్నారు. నాటి సాకిన చోట, వాటంతట వాటికే వదిలేసిన చోటికన్నా చెట్లు, జాతులు, కర్బనం మూడూ ఎక్కువని 2019లో ప్రచురించారు. మలేషియాలోని సబా అడవుల్లోనూ ఇలాంటిదే కనిపించింది. కలప కోసం కొట్టేసిన అడవిని ఊరికే వదిలేస్తే ఏటా హెక్టారుకు 2.9 టన్నుల కర్బనం చేరితే, మొక్కలు నాటి తీగలు కోసి సాకిన చోట 4.4 టన్నులు చేరింది. సాకడం అన్న మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

యూకలిప్టస్‌ను శత్రువుగా చూసినవాళ్ళకు బ్రెజిల్ నుంచి ఒక ఆలోచన వచ్చింది. అట్లాంటిక్ అడవుల ప్రాంతంలో పెద్రో బ్రాంకాలియన్ బృందం ఒక వరస యూకలిప్టస్, ఒక వరస స్థానిక జాతులు వేశారు. నాలుగైదేళ్ళకు యూకలిప్టస్ నరికి అమ్మితే అడవి నాటిన ఖర్చులో 44 నుంచి 75 శాతం తిరిగొచ్చింది. దాని పక్కన స్థానిక మొక్కల ఎదుగుదల మాత్రం కొంత నెమ్మదించింది. మన మెట్ట రైతుకు ఇందులో ఒక దారి కనిపిస్తోంది నాకు. జామాయిల్, సరుగుడు, మలబారు వేప లాంటివి మొదటి రెండు కోతల డబ్బు ఇస్తుంటే, మధ్య వరసల్లో ఏగిస, జిట్రేగి, ఎర్రచందనం నిదానంగా లావెక్కుతాయి. మన వానకు, మన నేలకు ఇది కుదురుతుందా అని ఇరవై ఏళ్ళపాటు రైతు పొలాల్లోనే చూడాలి. బ్రెజిల్ వాన వేరు, రాయలసీమ వాన వేరు.

ఇంత తెలిశాక కూడా నర్సరీల్లో స్థానిక మొక్క ఎందుకు కనిపించదు? యూకలిప్టస్ గింజ ఆవగింజకన్నా చిన్నది, డబ్బాలో పోసి ఏళ్ళ తరబడి దాచుకోవచ్చు. కావాలంటే క్లోన్ ఎలాగూ ఉంది. మన చెట్ల గింజలు ఒక్కోటి ఒక్కో పెంకితనం. బోర్నియో అడవుల మహావృక్షాలు కొన్నేళ్ళకోసారి అడవంతా ఒకేసారి పూసి కాస్తాయి. రాలిన గింజ రోజుల్లో మొలుస్తుంది, ఎండబెట్టి దాస్తే చస్తుంది. ఆ కుటుంబానిదే మన సాల చెట్టు, శేషాచలం కొండల జాలారి. సాల గింజ తొలకరి వానల్లో రాలి, అప్పటికప్పుడు తడి నేల దొరికితేనే బతుకుతుంది. మొలిచాక కూడా దాని పైమొక్క ఏటా ఎండి, వేరు మాత్రం లోపల లావవుతూ కొన్నేళ్ళు గడుపుతుంది. చిరుమాను కాయల్లో అధిక భాగం తాలే. బస్తా విత్తితే గుప్పెడు మొలిస్తే గొప్ప. ఏగిస, ఎర్రచందనం రెక్కకాయలు మొండివి. వేప గింజ జీవం కొద్ది వారాలే. టేకును కాయలు నానబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి మేల్కొలపడం, తర్వాత స్టంపులు చేసి నాటడం మన అటవీ సిబ్బంది చేతికి వచ్చిన విద్య. అంత ఓపిక మిగతా వంద జాతుల మీద ఎవరూ పెట్టలేదు.

ఇంకో లోపం కంటికి కనిపించదు. గింజలు రోడ్డు పక్క అందిన ఒకటి రెండు చెట్ల నుంచే ఏరుకొస్తారు. అలా పుట్టిన లక్ష మొక్కలూ తోబుట్టువులే. అవి పెరిగి తమలో తాము పరాగం పంచుకుంటే తర్వాతి తరం నీరసపడుతుంది. కనీసం పాతిక ముప్పై తల్లి చెట్ల నుంచి, ఒకదానికొకటి దూరంగా ఉన్నవాటి నుంచి కలిపి సేకరించాలని అటవీ జన్యుశాస్త్రం చెబుతుంది. ఆ తల్లి చెట్లు ఎక్కడున్నాయో తెలిసినవాళ్ళు చెంచులు, కొండరెడ్లు, కోయలు, గోండులు. వాళ్ళకు విత్తన సేకరణను పనిదినాల పనిగా కాక, జాతిని బట్టి, నాణ్యతను బట్టి ధర కట్టే వృత్తిగా ఇవ్వాలి. మొక్కలు నాటే బడ్జెట్లలో ఇంతకన్నా మేలైన ఖర్చు నాకు కనిపించదు.

భారతీయ అటవీ పరిశోధన కొత్తదేం కాదు. 1906లో డెహ్రాడూన్ సంస్థ వచ్చింది. ఇవాళ జబల్పూరులో ఉష్ణమండల అడవుల సంస్థ, కోయంబత్తూరులో చెట్ల జన్యువుల సంస్థ, హైదరాబాద్ శివార్లలోని దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ ఉన్నాయి. పోగైన జ్ఞానం ఆంగ్ల నివేదికల్లో ఉంది. నర్సరీలో కవర్లు నింపే అక్కకు, వనసేవకుడికి అర్థమయ్యే తెలుగులో జాతికొక పేజీ చొప్పున అది దొరకాలి.

కొలత సంగతికి వస్తాను. మన దేశంలో హెక్టారు, ఆపైన నేల మీద పది శాతానికి మించి చెట్ల గొడుగు ఉంటే అది అటవీ విస్తీర్ణం లెక్కలోకి వస్తుంది. ఏ జాతి అన్నది అక్కర్లేదు. జామాయిల్ తోటా నల్లమలా ఒకే గడిలో పడతాయి. 2021లో హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా జిల్లా మీద వచ్చిన అధ్యయనం, దశాబ్దాల ప్రభుత్వ నాట్ల వల్ల చెట్ల గొడుగు చెప్పుకోదగ్గంతగా పెరగలేదని, ప్రజల బతుకుకు అక్కరకొచ్చే జాతులు కూడా తగ్గాయని చూపింది. తెలంగాణలో 2015లో 230 కోట్ల మొక్కల లక్ష్యంతో హరితహారం మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రతి గ్రామానికీ నర్సరీ ఉండాలంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది. ఊరూరా నర్సరీ అన్నది చాలా దేశాలకు లేని బలం. అయితే బతికిన శాతం ఒక్కటే కొలతయితే, పశువు ముట్టని, నీళ్ళడగని, త్వరగా పచ్చబడే మొక్కనే ఎవరైనా ఎంచుకుంటారు. కోనోకార్పస్ రోడ్ల వెంట అంతగా పాకడానికి ఇదొక కారణమని నా నమ్మకం. తర్వాత దాన్ని నాటొద్దని చెప్పాల్సి వచ్చింది.

బ్రెజిల్లోని సావో పాలో రాష్ట్రం ఈ చిక్కు నుంచి బయటపడిన తీరు చూడాలి. 2000ల్లో అక్కడి నిబంధనలు పునరుద్ధరణ నాట్లలో 80 స్థానిక జాతులు ఉండాలన్నాయి. దానివల్ల నర్సరీల్లో రకాలు పెరిగాయి, నిజమే. 2014లో నిబంధన మార్చి, ఎన్ని నాటావన్నది పక్కన పెట్టి, కొన్నేళ్ళ తర్వాత నేల మీద నీడ ఎంత, నాటకుండా మొలిచిన మొక్కలు ఎన్ని, అవి ఎన్ని జాతులు అని మూడు సంగతులు అడగడం మొదలుపెట్టారు. మన చట్టంలోని 85 శాతం పక్కన ఈ మూడు ప్రశ్నలూ చేర్చడానికి కొత్త శాఖేమీ అక్కర్లేదు.

మియావాకి పద్ధతి గురించి క్లుప్తంగా. జపాన్ వృక్షశాస్త్రజ్ఞుడు అకిరా మియావాకి ఆ చోటి స్థానిక జాతుల్ని వెతికి నాటాలన్నాడు. ఆ సూత్రం విలువైనది. చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కల కిక్కిరిసిన నాటు మాత్రం తడి దేశాల పద్ధతి. నగరంలో అరెకరానికి బాగుంటుంది. తెలంగాణ మెట్ట అడవి సహజంగానే చెట్టుకూ చెట్టుకూ ఎడం ఉన్నది, మధ్యలో గడ్డి పెరిగేది. అక్కడ ఆ ఖర్చుతో నాలుగు రెట్ల నేలను కంచె వేసి, నిప్పు నుంచి కాచి, మోడుల పిలకల్ని సాకొచ్చు.

చెట్టు వద్దన్న చోట్లు కూడా ఉన్నాయని చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. నీలగిరుల గడ్డి కొండల మీద ఒకప్పుడు నాటిన వాటిల్ తుమ్మ ఇప్పుడు పీకినా పోవడం లేదు. నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డి మైదానం బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యమైంది. ఆ పిట్టకు ఎత్తయిన చెట్టు నీడ అక్కర్లేదు, దూరం దాకా కనిపించే గడ్డి కావాలి. దక్కను పీఠభూమి బీళ్ళను చూసి అడవి పోయిన చోటని అనుకోవడం పెద్ద పొరపాటు. వాటిలో చాలావరకు అనాదిగా గడ్డి నేలలే.

ఎర్రచందనం మన రాష్ట్రాల చేతిలో ఉన్న అసలు పరీక్ష. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఆ చెట్టు శేషాచలం, పాలకొండలు, వెలికొండల్లో ఉంది. 1995లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాకెక్కింది. 2021లో అది మళ్ళీ అంతరించే ప్రమాదమున్న జాతుల వర్గంలోకి చేరింది. దొంగ నరుకుడును తుపాకులతో ఆపాలని ఎంతో చూశాం. రైతు పొలంలో పెరిగిన చందనానికి మొక్కనాడే నమోదు, కోతనాడు చిక్కులేని అనుమతి, తల్లి చెట్టు తెలిసిన విత్తనం ఇవ్వగలిగితే అడవి మీద ఒత్తిడి తగ్గుతుంది. చేవ పట్టడానికి పాతికేళ్ళకు పైగా పడుతుంది కాబట్టి, ఇవాళ వేసే మొక్కకు 2050 దాటే దాకా నిలిచే నిబంధన కావాలి.

చివరగా ఊళ్ళో ఉండే పాఠకులకు ఒక మాట. మీ పంచాయతీ నర్సరీలో చలికాలంలోనే కవర్లు నింపడం మొదలవుతుంది. జూన్‌లో మొక్కలు పంచేటప్పుడు అడిగితే లాభం లేదు. ఏగిస కాయ చలికాలం చివర ఎండుతుంది, నల్లమద్ది వేసవి మొదట్లో. వాటిని ఎవరు ఏరుతున్నారు, ఏ చెట్ల కింద ఏరుతున్నారు అని గ్రామసభలో అడగండి. ఇప్ప గింజ తొలకరికి రాలుతుంది, రాలిన కొద్ది వారాల్లోనే దాని జీవం పోతుంది.